దూకే కుక్కకు దూకుడు పాఠాలు

“చేర్పించారా?”

లిఫ్టులో అడుగుతున్నారు, పాలబూత్ దగ్గర అడుగుతున్నారు, మందుల షాపులో బీపీ బిళ్లలు కొంటుంటే వెనకనుంచి భుజం తట్టి మరీ అడుగుతున్నారు. మనవణ్ణి బడిలో చేర్పించానా అని కాదు, నాకింకా మనవలు లేరు. మా కుక్కని ఎజిలిటీ క్లాసుల్లో చేర్పించానా అని. అడిగేవాళ్లలో సగంమందికి ఆ క్లాసుల్లో ఏం చెబుతారో తెలియదు. తెలియకపోయినా, నేను చేర్పించకపోవడం వల్ల మా అపార్ట్‌మెంటులో చదరపు అడుగు ధర పడిపోతోందన్నంత దిగులుగా అడుగుతారు.

దీనంతటికీ మూలం పశువుల డాక్టరుగారు. రేబిస్ సూదికని తీసుకెళ్తే మా బిస్కెట్టు ఆయన బల్ల దూకింది, తూకం మిషను దూకింది, వరుసలో కూర్చున్న ఒక ముసలి పొమరేనియన్‌నీ, దాన్ని ఒళ్లో పెట్టుకున్న ఆవిడనీ కలిపి ఒకే ఊపులో దూకింది. ఆయన చెమట తుడుచుకుని, “దీనికి జబ్బేం లేదండీ. ఎనర్జీ ఎక్కువ. అవుట్‌లెట్ కావాలి” అన్నారు. జబ్బు లేదని చెప్పినందుకు ఫీజు తీసుకున్నారు. ఏడాదిన్నర దాటింది కనక ఎముకలు గట్టిపడి ఉంటాయి, ఎజిలిటీలో పెట్టొచ్చు అని చీటీ మీద రాసి కూడా ఇచ్చారు. మందుల చీటీ మీద ఏది రాసినా మా ఆవిడకి అది వేదం. ఆ చీటీ ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. మజ్జిగ కోసం వెళ్లినప్పుడల్లా అది కూడా నన్ను అడుగుతూనే ఉంటుంది.

కుక్కకి బిస్కెట్టు అని పేరు పెట్టింది మా అమ్మాయి. బెంగళూరు నుంచి వీడియో కాల్లో పెట్టింది. ఇంటికొచ్చిన చుట్టాలకి టీ ఇచ్చి “బిస్కెట్టు తీసుకోండి” అనే సంప్రదాయం తెలుగు ఇళ్లలో ఒకటి ఉందని ఆ పిల్లకి గుర్తు రాలేదు. ఆ మాట అన్న మరుక్షణం పన్నెండు కిలోల బిస్కెట్టు చుట్టాల ఒళ్లో ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లో చుట్టాలకి మురుకులే పెడుతున్నాం.

తెచ్చింది మాత్రం మా బావమరిది. నా రిటైర్మెంటు ఫంక్షన్‌కి శాలువా తెస్తాడనుకుంటే అట్టపెట్టెతో దిగాడు. “ఒరిజినల్ జోనంగి, బావగారూ. కైకలూరు దగ్గర్నుంచి తెచ్చాను. ఇక మీదట ఇంట్లో మీకు తోడు” అన్నాడు. జోనంగి అంటే మన కోస్తా కుక్క. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో బాతుల మందల్ని కాయడానికి పెంచేవాళ్లు. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు. మొరగడం కంటే రాగం తియ్యడం దీనికి ఇష్టమనీ, నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుందనీ చెబుతారు. మా దాని తల్లి జోనంగి అన్నది నిజమే అయివుండొచ్చు. తండ్రి విషయం ఆ ఊళ్లో ఎవరూ గట్టిగా చెప్పలేదు. అయినా లక్షణాలు ఉన్నాయి. నుదుటి మీద ముడతలు చూసి మా ఇంటికొచ్చిన ఇన్‌కమ్‌టాక్స్ ప్రాక్టీషనరు, “పాపం, దేన్ని గురించో బెంగ పెట్టుకుంది” అన్నాడు. గొయ్యి తవ్వడం కూడా ఉంది. నాలుగో అంతస్తులో నేల దొరక్క సోఫాలో తవ్వింది. రాగం తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడుతుంది.

అసలు లక్షణం బయటపడింది మాత్రం సెల్లార్ పక్కన వాకింగ్ ట్రాక్ మీద. ఆ సాయంత్రం గొలుసు నా చేతిలోంచి జారింది. పదిమందో, పన్నెండుమందో పెద్దలు ఎవరి మానాన వాళ్లు నడుస్తున్నారు. బిస్కెట్టు ఎవరినీ కరవలేదు, మొరగలేదు. బయటి అంచు వెంబడి ఒక పెద్ద చుట్టు తిరిగింది. తల వంచి, మెడ ముందుకు చాచి, చుట్టు కొంచెం బిగించి మళ్లీ తిరిగింది. ఎవరు పక్కకి తప్పుకోబోయినా మడమ దగ్గర ముక్కుతో మెల్లిగా నెట్టింది. మూడో చుట్టుకి అందరూ ట్రాన్స్‌ఫార్మరు పక్కన భుజానికి భుజం ఆనించి నిలబడి ఉన్నారు. గ్రౌండ్ ఫ్లోరు పెద్దాయనొకరు ఎలాగో జారుకుని బెంచీ వైపు బయల్దేరితే, వెనక్కి పరుగెత్తి ఆయన్ని కూడా తోలుకొచ్చి గుంపులో కలిపింది. ఆ తర్వాత ఎదురుగా కూర్చుని, నాలుక బయటపెట్టి, అందరూ ఉన్నారా లేదా అని ఒక్కొక్కరి మొహం చూసింది.

అసోసియేషన్ సెక్రటరీగారు తెలివైన మనిషి. కోరం లేక ఎన్నోసార్లు వాయిదా పడిన జనరల్ బాడీ మీటింగుని అక్కడికక్కడే మొదలుపెట్టి, మెయింటెనెన్స్ పెంచే తీర్మానం పాస్ చేయించుకున్నారు. పని అయిపోయాక, ఇలాంటి ప్రమాదకరమైన జంతువుని అదుపులో పెట్టాలంటూ నాకు నోటీసు పంపారు. పెరిగిన మెయింటెనెన్స్ ఆ నెలనుంచే కడుతున్నాను. ఆ కోపం మాత్రం ఇంకా తీరలేదు.

సరే, ఎజిలిటీ అంటే ఏమిటో చూద్దామని కూర్చున్నాను. 1978లో లండన్ ఒలింపియాలో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శన జరుగుతుంటే, పెద్ద పోటీల మధ్య ఖాళీలో జనం లేచి వెళ్లిపోకుండా ఏదో ఒకటి చూపించాలనుకున్నారట. తోలుబొమ్మలాటలో కేతిగాడు వచ్చినట్టు మధ్యలో వచ్చిన ఆట ఇది. గుర్రాలు కంచెలు దూకే పందేలు చూసి, అవే కంచెలు కుక్కలకి సరిపడా తగ్గించి కట్టారు. జనానికి నచ్చింది. 1980 కల్లా అక్కడి కెన్నెల్ క్లబ్బు నిబంధనలు రాసి, దీన్నొక క్రీడగా ఒప్పుకుంది. ఆ తర్వాత అమెరికా వెళ్లింది, ప్రపంచ పోటీలయ్యాయి, ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు దాకా వచ్చింది.

ఆట ఇదీ. దూకడానికి అడ్డకర్రలు, దూరడానికి సొరంగం, ఎక్కి దిగడానికి ఏటవాలుగా నిలబెట్టిన రెండు చెక్కల గుడారం, ఎత్తు మీద ఇరుకు వంతెన, ఊగే పలక, వరసగా పాతిన కర్రల మధ్య పాములా మెలికలు తిరిగి పోవడం. ఆ కర్రల వరసలోకి దూరేటప్పుడు మొదటి కర్ర కుక్క ఎడమ భుజం వైపే ఉండాలి. మా వాడికి ఎడమ భుజం ఏదో తెలిసే లోపల నాకు డెబ్భై దాటతాయి. ఎక్కి దిగే చెక్కల కొసన పసుపు రంగు పూస్తారు. దిగేటప్పుడు అక్కడ పాదం పడాలి, పై నుంచే గెంతేస్తే తప్పు. కొన్ని పోటీల్లో ఒక బల్ల కూడా పెడతారు. కుక్క దాని మీదకి ఎక్కి 5 సెకన్లు కదలకుండా ఉండాలి. బల్ల ఎక్కడంలో బిస్కెట్టుకి మా డైనింగ్ హాల్లో బోలెడంత అనుభవం ఉంది. ఆ 5 సెకన్ల దగ్గరే వస్తుంది తంటా.

అంతకన్నా పెద్ద తంటా నిబంధనల్లో ఉంది. పోటీలో గొలుసు ఉండకూడదు. తిండి చూపించకూడదు. చెయ్యి తగలకూడదు. ఈ మూడూ తీసేశాక నా దగ్గర మిగిలేది నోటి మాట. నా నోటి మాట విని మా ఇంట్లో ఇప్పటివరకు ఎవరు ఏం చేశారు గనక?

ఫోను చేస్తే కోచ్ కుర్రాడు చాలా ఓపిగ్గా మాట్లాడాడు. “సార్, కుక్క మన మాట వినదు. మన భుజం ఎటు తిరిగింది, పాదం ఎటు చూపిస్తోంది, అది చూసుకుని పోతుంది. నోరు కుడి అని, భుజం ఎడమకి తిరిగితే అది ఎడమకే వెళ్తుంది. అందుకే తప్పులు కుక్కవి తక్కువ, మనవి ఎక్కువ” అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి, “బాబూ, ఆ ఆఖరి మాట ఇంకోసారి చెప్పు” అంది.

క్లాసు శంషాబాద్ దాటాక ఎవరిదో ఫామ్‌హౌస్‌లో. మేముండేది వనస్థలిపురం. ఫీజు చెబితే మా వాచ్‌మన్ ముందు నేను తలెత్తుకోలేను, అతని నెల జీతం అంతకంటే తక్కువ. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ వాళ్లు కుక్కల కోసమే ఎకరం పైచిలుకు స్థలంలో ఒక పార్కు పెట్టారు, కాదనను. సాయంత్రం ట్రాఫిక్‌లో మేం అక్కడికి చేరేసరికి కుక్కకి కూడా నడుం నొప్పి వస్తుంది. మేం ఈ కాలనీకి వచ్చినప్పుడు ఇంటి వెనక తుమ్మచెట్లు, ముందు ఖాళీ జాగా, పక్కన గొర్రెలు మేసే గుట్ట ఉండేవి. ఇప్పుడు ఖాళీ జాగాలో మేమే ఉన్నాం, నాలుగో అంతస్తులో. కాలనీ పార్కు గేటు మీద కుక్కలకి ప్రవేశం లేదని బోర్డు, ఆ బోర్డు కింద రాత్రంతా పడుకునేది వీధికుక్కలు. ఊరి కుక్క పరుగెత్తడానికి జాగా లేక, పెట్రోలు పోసుకుని వెళ్లి గంటకింత అని పరుగు కొనుక్కోవాలి. దీన్ని అభివృద్ధి అంటారని నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండుతుంది.

అందుకని ముందు ఇంట్లోనే ఒక అడ్డకర్ర కట్టి చూద్దాం, దూకితే అప్పుడు ఫీజు సంగతి ఆలోచిద్దాం అన్నాను. పీవీసీ పైపులతో కట్టుకోవచ్చని కోచ్ చెప్పాడు. హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి అంగుళం పైపు, నాలుగు ఎల్బోలు, నాలుగు టీలు, ఎండ్‌క్యాపులు అడిగాను.

“బోరుకా సార్, బాత్రూముకా?”

“కుక్కకి.”

అతను కాసేపు నన్ను చూసి, “కుక్కకి సపరేటు బాత్రూమా!” అని పక్క షాపువాడికి వినపడేలా ఆశ్చర్యపోయాడు.

పైపు కొయ్యడం నాకు చేతకాదు. మా ప్లంబరుని పిలిచాను. నల్గొండ మనిషి, పనిలో కచ్చితం. మా బిల్డింగులో ఆయన వేసిన లైను కారిందన్న మాట నేను వినలేదు. టెర్రస్ మీదకి తీసుకెళ్లి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. రెండు నిలువు కాళ్లు, మధ్యలో అడ్డంగా ఒక పైపు. ఆయన బొమ్మని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

“నీళ్లు యాడికెల్లి వస్తయ్ సార్?”

“నీళ్లు రావు.”

“మరి యాడికి పోతయ్?”

“రానే రాకపోతే పోవడం ఏమిటయ్యా?”

“గదే సార్ నేను జెప్పేది. ముందుగాల నీళ్లు రావాలె గద.”

నేను నీళ్లకి సంబంధించిన ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లకి పైగా పనిచేశాను. ఏ ఆఫీసో చెప్పను. అన్నేళ్లలో ఎన్ని పైపులు, ఎన్ని తూములు, ఎన్ని కాలవలు ఫైళ్ల మీద నా చేతిమీదుగా వెళ్లాయో లెక్కలేదు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎక్కడికి పోతాయి అని ఏ ఒక్కరూ ఒక్కసారి కూడా అడగలేదు. ఈయన అక్కడ ఒక్క ఏడాది పనిచేసి ఉంటే కొన్ని ఫైళ్లు పుట్టేవే కావు.

పని జరగాలి కదా అని అసలు సంగతి చెప్పాను. ఇది కుక్క దూకడానికి.

“ఏ కుక్క?”

“మాదే.”

“బిస్కెట్టా? అది ఇప్పుడే దుంకుతున్నది గద సార్! మొన్న నా సంచి మీదికెల్లి దుంకింది. దుంకుడు బంద్ జేపియ్యాలె గానీ పైసలిచ్చి దుంకుడు నేర్పిస్తరా?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. కోచ్ దగ్గర ఉంది: దూకడం కాదు నేర్పేది, ఎప్పుడు దూకాలో, ఏది దూకకూడదో అది నేర్పడం. ఆ మాటే చెప్పాను. ఆయన మర్యాదస్తుడు కనక నవ్వలేదు. టేపు తీశాడు. అమెరికా పోటీల్లో భుజం దగ్గర 14 దాటి 18 అంగుళాల లోపు ఉండే కుక్కకి 16 అంగుళాల ఎత్తున కర్ర పెడతారు. కొలుద్దామని బిస్కెట్టుని నిలబెడితే, టేపు సర్రున లోపలికి పోవడం దానికి మహా నచ్చింది. టేపు కొస పళ్లతో పట్టుకుని టెర్రస్ ఆ చివరికి పరుగెత్తింది. ప్లంబరు ఈ కొస వదల్లేదు. వాటర్ ట్యాంకు చుట్టూ టేపు రెండు చుట్లు తిరిగింది. కుక్క ఎత్తు తెలియలేదు గానీ ట్యాంకు చుట్టుకొలత తేలింది.

అడ్డపైపు బిగించే దగ్గర అసలు గొడవ వచ్చింది. ఆ పైపు గట్టిగా ఉండకూడదు. కుక్క కాలు తగిలితే చటుక్కున కింద పడాలి. పోటీలో పడితే 5 మార్కులు పోతాయి, కాలు మాత్రం దక్కుతుంది. ఇదంతా చెబుతున్నకొద్దీ ఆయన మొహం మాడిపోయింది.

“పడుడేంది సార్?”

“తగిలితే పడాలి. ఊరికే ఆనించి ఉంచాలి.”

“నేను బిగించినంక పడదు సార్.”

“పడాలయ్యా.”

“పడితే నా పేరు ఖరాబైతది. రేపు ఎవలన్న వచ్చి ఎవడు చేసిండు ఇది అంటే?”

నేను కిందకి వెళ్లి టీ తాగి వచ్చేసరికి ఆ పైపుకి సొల్యూషన్ పూసి, టీలో గుచ్చి, ఆరడానికి ఉఫ్ఫుమని ఊదుతున్నాడు. చేత్తో పట్టుకుని ఊపాను. నేను ఊగాను, పైపు ఊగలేదు. కోసి మళ్లీ చెయ్యమన్నాను. రెండోసారి అయిష్టంగా రెండు క్లాంపులు పెట్టి, వాటి మీద పైపు ఆనించాడు. దూరంగా నిలబడి చూస్తే ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా కనిపించింది. కొలిస్తే ఆ కొస 16 అంగుళాలు, ఈ కొస 14.

“స్లోపిచ్చిన సార్. స్లోప్ లేకుంటే నీళ్లు నిలుస్తయ్.”

నీళ్లు లేవన్న సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక నాకు లేదు. అదీగాక, పల్లంగా ఉన్న కొసన ఒక కుళాయి కూడా ఉంది.

“ఇదెందుకు?”

“రేపెప్పుడన్న లైనిద్దాం అనుకుంటే మల్ల గోడ పగలగొట్టే పనుండదు సార్.”

ఏ గోడ అని నేను అడగలేదు. బిల్లులో పైపు, ఫిట్టింగులు, కూలీ పోను చివర ‘లీకేజీ టెస్టు’ అని ఇంకో పద్దు ఉంది. లీకు లేదన్నది మాత్రం నిజం కనక ఇచ్చేశాను. మర్నాడు సెక్రటరీగారి దగ్గర్నుంచి ఇంకో నోటీసు వచ్చింది. టెర్రస్ మీద అనుమతి లేకుండా కుళాయి కనెక్షను తీసుకున్నారు, కృష్ణా నీళ్లు కామన్ లైనులోంచి మళ్లిస్తున్నారు, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని. వెళ్లి, అది కుక్క దూకే పైపు అని చెప్పాను. “కుళాయి కనిపిస్తోంది కదండీ” అన్నారాయన. తిప్పి చూడమన్నాను. తిప్పారు. నీళ్లు రాలేదు. “ఇప్పుడు రావు లెండి, ఇవాళ మన లైనుకి సప్లై లేదు” అన్నారు.

ఇంతా చేసి, బిస్కెట్టు ఆ పైపు దూకలేదు. వెళ్లి వాసన చూసింది. కిందనుంచి దూరింది. కుళాయి కొరికింది. దూకి చూపిద్దామని ప్లంబరు వంగి కూర్చుని తల ఆడిస్తే, ఆయన్ని దూకింది. ఆరబెట్టిన వడియాల మంచం దూకింది, చాప దూకింది, ఎండలో కూర్చున్న సెక్రటరీగారి అత్తగారిని దూకింది. ఆవిడ మాత్రం పాపం, “నాకేమీ తగల్లేదు నాయనా, గాలొచ్చింది” అంది.

మా అమ్మాయి ఆ రాత్రి ధైర్యం చెప్పడానికి ఒక వీడియో పంపింది. 2020 క్రఫ్ట్స్‌లో క్రాటు అనే కుక్క. రొమేనియా నుంచి తెచ్చి పెంచుకున్న పెద్ద బొచ్చుకుక్క. మైదానం నిండా జనం. క్రాటు సొరంగంలో దూరి, బయటికి రాకుండా తల ఒక్కటి బయటపెట్టి అందరినీ చూసింది. వచ్చాక ఒక కర్ర పీక్కుని తోక ఊపుకుంటూ తిరిగింది. జనం చప్పట్లు కొడుతున్నారు. “చూశావా నాన్నా, ఎంత క్యూట్‌గా ఉందో!” అంది అమ్మాయి. చూశాను. వేల మంది ముందు కుక్క మాట వినకపోతే క్యూట్. మా సెల్లార్లో వినకపోతే నోటీసు.

వీడియో అయ్యాక మా బావమరిదికి ఫోను చేశాను, ఈ జాతికి దూకడం ఎలా అలవాటు చేస్తారో కనుక్కుందామని. “దూకడం ఏంటి బావగారూ, ఎవరు నేర్పుతారు? బాతులెనక తిరిగి తిరిగి అదే వస్తుంది” అన్నాడు. ఆ మాటకి ఈ మాటకి, వాళ్ల వైపు ఇప్పుడు బాతుల మందలు పెద్దగా కనపడటం లేదన్నాడు. కోతలైన చేలల్లో గింజలేరుకుంటూ మందలు నడిచే దారులన్నీ చేపల చెరువులయ్యాయి. చెరువు గట్టు మీద ఈ కుక్కకి చెయ్యడానికేమీ లేదు. చేపల్ని తోలక్కర్లేదు కదా.

ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి మందని లెక్కచూసుకోవాలి, చుట్టూ తిరిగి ఒకచోట చేర్చాలి, తప్పిపోయినదాన్ని వెనక్కి తేవాలి. ఆ పని పోయింది. చెయ్యాలన్న ఆత్రం ఒంట్లోంచి పోలేదు. ఎనర్జీ ఎక్కువ అంటున్నది దాన్నే. నేను కూడా పొద్దున్నే లేచి స్నానం చేసి, చొక్కా టక్ చేసుకుని హాల్లో కూర్చుంటున్నాను. ఎనిమిదిన్నరకి క్యారేజీ సంచి కోసం చెయ్యి దానంతటది పక్కకి పోతుంది. నాకు ప్రాణాయామం చెప్పారు, లాఫింగ్ క్లబ్బు చెప్పారు, మిద్దెతోట చెప్పారు, అందరూ నా మంచికే చెప్పారు. అవన్నీ చెయ్యొచ్చు. సాయంత్రానికి, ఇవాళ నువ్వు రాకపోతే పని ఆగిపోయేది అని అనేవాళ్లు మాత్రం ఉండరు. కుక్క పైపు దూకితే చప్పట్లు కొడతారు, బిస్కెట్టు ముక్క పెడతారు. అవతల పక్కన బాతు ఉండదు.

పొద్దున్న మా ఆవిడ ట్రయల్ క్లాసు ఫారం ప్రింటు తీయించి, పెన్నుతో సహా నా ముందు పెట్టింది. కుక్క వయసు, టీకాల వివరాలు బాగానే రాశాను. ‘పిలిస్తే వస్తుందా?’ అని ఒక గడి. ‘మురుకులు పెట్టే వేళ తప్పకుండా’ అని రాశాను. ‘కుక్కతో పాటు పరుగెత్తే వ్యక్తి వయసు, మోకాళ్ల పరిస్థితి’ అని ఇంకో గడి. పోటీకి ముందు కుక్క లేకుండా మనిషి ఒక్కడే మైదానం అంతా నడిచి, ఏ కర్ర తర్వాత ఏ సొరంగమో గుర్తు పెట్టుకోవాలట. నడవడం వరకు నాకు అభ్యంతరం లేదు. ‘గత అనుభవం’ అన్నచోట ఆగిపోతే మా ఆవిడ, “ముప్పై ఏళ్లు ఫైళ్లు పరుగెత్తించారని రాయండి” అంది. కాస్త ఆలోచించి, “వద్దులెండి, అవెక్కడ పరుగెత్తాయి గనక” అని తనే కొట్టేసింది.

‘ఎందుకు చేరాలనుకుంటున్నారు?’ అన్న ఆఖరి గడి ఖాళీగానే పంపాం. ట్రయల్‌కి డబ్బు తీసుకోరు కనక రావడానికి ఒప్పుకున్నాను. ఎండ ఎక్కకముందే మొదలుపెడతారట, ఆదివారం తెల్లవారకముందే బయల్దేరాలి. బిస్కెట్టు నాలుగింటికే లేపుతుంది కాబట్టి అలారం అక్కర్లేదు. క్లాసులో బోర్డర్ కోలీలు ఉంటాయని కోచ్ చెప్పాడు. స్కాట్లాండ్ సరిహద్దుల్లో గొర్రెల్ని తోలిన జాతి, ఈ ఆటలో ప్రపంచంలో వాటిని మించినవి లేవు. అవి మైదానంలోకి దిగాక మావాడు పైపులు దూకుతాడా, లేక ఆ కోలీలన్నిటినీ, వాటి యజమానుల్ని, కోచ్‌ని కలిపి ఒక మూలకి తోలి లెక్కచూసుకుంటాడా అన్నది నాకు తెలియదు. రెండోదే అయితే ఫీజు కట్టాల్సింది ఎవరో అడుగుదామనుకుంటున్నాను.

నిన్న టెర్రస్ మీద కుళాయి విప్పడానికి ప్లంబరు వచ్చాడు, సెక్రటరీగారి మూడో నోటీసు మీద. ఆదివారం సంగతి చెప్పాను. పానా సంచిలో వేసుకుని కాసేపు ఆలోచించాడు.

“ఆడ గూడ పైపులతోనే కట్టిన్రా సార్?”

“అవును.”

“నేను గూడ వస్త సార్. ఆదివారం ఖాళీనే. స్లోపిచ్చిన్రో లేదో జర చూద్దాం.”